కెండ్రిక్ లమార్‌ని వినాలనుకుంటే ఏ ఆల్బమ్‌తో మొదలుపెట్టాలి?

2025 ఫిబ్రవరిలో అమెరికా ఫుట్‌బాల్ ఫైనల్ అయిన సూపర్ బౌల్‌లో ఈ అమెరికన్ ర్యాపర్ హాఫ్‌టైమ్ షో చేశాక ఈ ప్రశ్న నన్ను చాలామంది అడిగారు. అడిగినవాళ్లలో సగం మంది అప్పటికే నెట్‌లో వెతికి, విమర్శకులు నెత్తిన పెట్టుకున్న ఆల్బమ్ ఏదో చూసి, అది పెట్టుకుని, మూడో పాట దగ్గర ఆపేసి వచ్చినవాళ్లే. నాదీ అదే కథ. 2016లో గ్రామీ వార్తలు చదివిన ఊపులో 'టు పింప్ ఎ బటర్‌ఫ్లై' డౌన్‌లోడ్ చేసుకుని హైదరాబాద్‌లో విజయవాడ బస్సెక్కాను. సూర్యాపేట రాకముందే తీసేసి పాత పాటలు పెట్టుకున్నాను, మళ్లీ దాని జోలికి వెళ్లడానికి ఎనిమిది నెలలు పట్టింది. తప్పు ఆల్బమ్‌ది కాదు, నేను మొదలుపెట్టిన చోటు తప్పు.

అందుకే ముందే చెప్పేస్తున్నాను. అవార్డులు చూస్తే ఈయన ఎంత పెద్దవాడో తెలుస్తుంది గానీ, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. నన్నడిగితే మొదట వినాల్సింది గ్రామీ ఒక్కటి కూడా రాని ఆల్బమ్. ఎందుకో కింద రాస్తాను, మీ అవసరం వేరైతే మీకు ఏది నప్పుతుందో కూడా రాస్తాను.

ముందు అవార్డుల లెక్క

కెండ్రిక్ 1987 జూన్ 17న కాలిఫోర్నియాలోని కాంప్టన్‌లో పుట్టాడు. పదహారేళ్లకే కె.డాట్ అనే పేరుతో మిక్స్‌టేప్ చేశాడు, టాప్ డాగ్ ఎంటర్‌టైన్‌మెంట్ అనే స్థానిక మ్యూజిక్ కంపెనీ చేరదీసింది, తర్వాత పేరున్న ర్యాపర్, నిర్మాత డాక్టర్ డ్రే ఇతని చేయి పట్టుకున్నాడు. 2012లో వచ్చిన 'గుడ్ కిడ్, మ్యాడ్ సిటీ'తో దేశమంతా తెలిశాడు. 2014 గ్రామీల్లో ఏడు నామినేషన్లు వచ్చాయి, ఒక్కటీ గెలవలేదు. ఉత్తమ ర్యాప్ ఆల్బమ్ అవార్డు మాకల్‌మోర్, ర్యాన్ లూయిస్‌ల జోడీకి వెళ్లింది. అది నీకు రావాల్సింది అంటూ మాకల్‌మోరే కెండ్రిక్‌కి మెసేజ్ పెట్టి, దాన్ని ఇన్‌స్టాగ్రామ్‌లో అందరికీ చూపించాడు.

ఆ తర్వాత కథ మారింది. 2015లో మొదటి రెండు గ్రామీలు, 2016లో 11 నామినేషన్లకు ఐదు, 2018లో ఇంకో ఐదు. అదే 2018 ఏప్రిల్‌లో 'డ్యామ్' ఆల్బమ్‌కి పులిట్జర్ బహుమతి వచ్చింది. సంగీత విభాగంలో అప్పటిదాకా ఆ బహుమతి శాస్త్రీయ సంగీతాన్నీ జాజ్‌నీ దాటి బయటికి రాలేదు, అలా దాటిన మొదటి రచన ఒక ర్యాప్ ఆల్బమ్. 2025లో 'నాట్ లైక్ అజ్' ఒక్క పాటకే ఐదు గ్రామీలు, 2026లో మరో ఐదు. మధ్య ఏళ్లలో వచ్చినవి కూడా కలిపితే మొత్తం 27, ర్యాపర్లలో ఇంకెవరికీ అన్ని లేవు.

అయినా 'ఆల్బమ్ ఆఫ్ ది ఇయర్' మాత్రం ఇంతవరకు ఒక్కసారీ ఇవ్వలేదు. 'బటర్‌ఫ్లై' ఏడాది టేలర్ స్విఫ్ట్‌కి, 'డ్యామ్' ఏడాది బ్రూనో మార్స్‌కి, 2023లో హ్యారీ స్టైల్స్‌కి వెళ్లింది. ఇది రాస్తుంటే నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది.

దేన్ని బట్టి ఎంచుకోవాలి?

నేను చూసేవి నాలుగు. అన్నిటికంటే ముందు భాష. కాంప్టన్ యాస, వీధి మాటలు, దానికి తోడు వేగం. తెలుగు మీడియంలో చదివినవాళ్లకే కాదు, ఇంగ్లిష్ మీడియంలో చదివి ఐటీ ఉద్యోగం చేసేవాళ్లకి కూడా మొదట్లో సగం అర్థం కాదు. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. కొన్ని ఆల్బమ్‌లలో మాట పట్టుబడకపోయినా కథ అందుతుంది, కొన్నిటిలో మాట జారితే అంతా జారిపోతుంది.

రెండోది, ముందు ఏమేం తెలిసి ఉండాలి అన్నది. అమెరికా నల్లజాతి చరిత్ర, పాత ర్యాపర్ల పేర్లు, ఎవరికి ఎవరితో గొడవ ఇలాంటివి. మూడోది ఎలా వింటారన్నది. వంట చేస్తూ వింటారా, కారులోనా, రాత్రి లైటార్పి ఇయర్‌ఫోన్స్‌తోనా? ఈయన ఆల్బమ్‌లలో పాటలు ఎక్కువగా ఒకదాని తర్వాత ఒకటి వరసగా వినాల్సినవి, షఫుల్‌లో పెడితే నవలలో పేజీలు కలిపేసినట్టే. నాలుగోది బూతులు. అన్ని ఆల్బమ్‌లలోనూ ఉన్నాయి, ఒక్కదాన్లో మరీ ఎక్కువ.

| ఆల్బమ్ | వచ్చింది, నిడివి | మాట పట్టుబడటం | ముందు తెలియాల్సింది | గ్రామీలు |
|---|---|---|---|---|
| గుడ్ కిడ్, మ్యాడ్ సిటీ | 2012, 68 నిమిషాలు | మధ్యస్థం, కథ సాయం చేస్తుంది | పెద్దగా ఏమీ లేదు | 0 |
| టు పింప్ ఎ బటర్‌ఫ్లై | 2015, 79 నిమిషాలు | కష్టం | చాలా | 6 (2015లో 2, 2016లో 4) |
| డ్యామ్ | 2017, 55 నిమిషాలు | కొంత తేలిక | కొంచెం | 5, పులిట్జర్ అదనం |
| మిస్టర్ మొరాల్ అండ్ ది బిగ్ స్టెప్పర్స్ | 2022, 73 నిమిషాలు | మధ్యస్థం, మనసుకి బరువు | ఆయన జీవితం గురించి కొంత | ఉత్తమ ర్యాప్ ఆల్బమ్ |
| జీఎన్‌ఎక్స్ | 2024, 44 నిమిషాలు | మధ్యస్థం | కెనడా ర్యాపర్ డ్రేక్‌తో గొడవ | ఉత్తమ ర్యాప్ ఆల్బమ్, 'లూథర్'కి రికార్డ్ ఆఫ్ ది ఇయర్ |

2016లో వచ్చిన ఐదింటిలో ఒకటి టేలర్ స్విఫ్ట్‌తో కలిసి చేసిన 'బ్యాడ్ బ్లడ్' వీడియోకి, అందుకే 'బటర్‌ఫ్లై' గడిలో దాన్ని లెక్కవేయలేదు.

గుడ్ కిడ్, మ్యాడ్ సిటీ: నేను చెప్పే మొదటి మెట్టు

కవర్ మీదే 'కెండ్రిక్ లమార్ తీసిన ఒక షార్ట్ ఫిల్మ్' అని ఉంటుంది, నిజంగానే సినిమాలా నడుస్తుంది. ఒక కుర్రాడు వాళ్లమ్మ వ్యాన్ తీసుకుని ఒక అమ్మాయిని కలవడానికి వెళ్తాడు. అక్కడ ఇద్దరు అడ్డగిస్తారు. స్నేహితులు పగ తీర్చుకోవడానికి బయల్దేరతారు. ఒకరు చనిపోతారు. పాటల మధ్యలో వాళ్లమ్మ వాయిస్‌మెయిల్స్ వస్తుంటాయి, వ్యాన్ ఎప్పుడు తెస్తావురా, నాకు పనుంది అని. వెనక నుంచి నాన్న తన డామినోస్ ఆట బిళ్లలు ఏమయ్యాయని గోల చేస్తుంటాడు. బుర్రకథలో కథకుడు పాడుతుంటే పక్కన వంతలు అందుకుని కథని ముందుకి తోస్తారు చూడండి, ఈ అమ్మానాన్నల గొంతులు చేసే పని అదే. అందుకే యాస తెలియకపోయినా కథ చేయి వదలదు.

ఇందులో 'సింగ్ అబౌట్ మి, ఐయామ్ డయింగ్ ఆఫ్ థర్స్ట్' అని 12 నిమిషాల పాట ఉంది. దాని కోసమైనా ఈ ఆల్బమ్ వినాలి. మొదటి చరణం, చనిపోయిన స్నేహితుడి అన్నదమ్ముడి గొంతు. నీ ఆల్బమ్ బయటికి రాకముందే నేను పోతే... అని ఏదో చెప్పబోతాడు, వాక్యం పూర్తి కాదు, తుపాకీ మోగుతుంది. అంతే, ఆ మనిషి లేడు, బీట్ మాత్రం ఏమీ జరగనట్టు సాగిపోతుంటుంది. రెండో చరణంలో ఒక అమ్మాయి మాట్లాడుతుంది. కెండ్రిక్ అంతకుముందు ఆల్బమ్‌లో కీషా అనే అమ్మాయి మీద పాట రాశాడు, ఈమె ఆ కీషా చెల్లెలు. మా అక్క కథ లోకానికి చెప్పడానికి నువ్వెవరు అని కోపంగా నిలదీస్తుంది. నేను మరుగున పడిపోయే మనిషిని కాను అని ఆమె అంటూ ఉండగానే గొంతు సన్నబడుతూ, సన్నబడుతూ, వినపడకుండా పోతుంది. నేను మొదటిసారి విన్నప్పుడు ఫోన్ చార్జింగ్ అయిపోతోందేమో అని వాల్యూమ్ పెంచాను. పెంచినా ఆమె లేదు. అప్పుడు అర్థమైంది.

దీనితో వచ్చే ఇబ్బంది ఒక్కటే. ఒక్కో పాట విడిగా వింటే తప్పుగా అర్థమవుతాయి. 'బ్యాక్‌సీట్ ఫ్రీస్టైల్' మొత్తం గొప్పలు కొట్టుకోవడమే, కానీ అది కారు వెనక సీట్లో కూర్చున్న టీనేజ్ కుర్రాడి గొప్పలు. 'స్విమ్మింగ్ పూల్స్' పార్టీల్లో వేసుకుని ఎగురుతారు, అసలది తాగుడు ఇళ్లని ఎలా ముంచుతుందో చెప్పే పాట. కాబట్టి గంటా ఎనిమిది నిమిషాలు ఒకే విడతలో ఇవ్వగలిగితేనే పెట్టుకోండి. పదేళ్లకు పైగా బిల్‌బోర్డ్ ఆల్బమ్ చార్ట్‌లో నిలబడిన రికార్డ్ ఇది. గ్రామీ కమిటీ ఇవ్వనిది వినేవాళ్లు ఇచ్చారు.

టు పింప్ ఎ బటర్‌ఫ్లై: అన్నిటికంటే గొప్పది, మొదటిది మాత్రం కాకూడదు

నాకు దీన్ని మించింది లేదు. అయినా మొదట వద్దంటున్నాను. ఇందులో మామూలు హిప్‌హాప్ బీట్లు తక్కువ, జాజ్, ఫంక్ ఎక్కువ. థండర్‌క్యాట్ బాస్ గిటార్, కమాసి వాషింగ్టన్ శాక్సఫోన్, మొదటి పాటలోనే ఫంక్ గాయకుడు జార్జ్ క్లింటన్. చెవి అలవాటు పడటానికి టైమ్ కావాలి. పైగా కెండ్రిక్ గొంతు పాటపాటకీ మారిపోతుంది, ఏడుస్తాడు, అరుస్తాడు, ముసలివాడిలా మాట్లాడతాడు.

దీనికి చదువు కూడా కొంచెం కావాలి. ఇక్కడ తెలుగువాళ్లకి ఒక మంచి దారి ఉంది. 'కింగ్ కుంటా' అనే పాటలోని కుంటా ఎవరో మనలో చాలామందికి ముందే తెలుసు. సహవాసి తెనిగించిన 'ఏడు తరాలు' చదివినవాళ్లెవరూ కుంటా కింటేని మర్చిపోరు, పారిపోయాడని పాదం నరికిన ఆ ఘట్టాన్ని అసలే మర్చిపోరు. ఆ మనిషిని రాజు అంటూ పాట మొదలవుతుంటే నాకు ఒళ్లు జలదరించింది. ఆ పుస్తకం ఇంట్లో ఉంటే ఈ ఆల్బమ్‌కి ముందు ఒకసారి తిరగేయండి.

ఆరో పాట 'యు', ఏడో పాట 'ఆల్‌రైట్' ఎప్పుడూ విడదీయకండి. మొదటిది హోటల్ గదిలో తనని తాను అసహ్యించుకుంటూ తాగి ఏడ్చే మనిషి, బయట గది శుభ్రం చేసే ఆవిడ తలుపు తడుతుంటుంది. వెంటనే వచ్చే పాట, పర్లేదు మనం బయటపడతాం అనే ధైర్యం. 2015లో క్లీవ్‌లాండ్‌లో పోలీసుల ముందు జనం గొంతెత్తి పాడింది ఈ రెండో పాటనే, తర్వాత అది ఉద్యమాల పాట అయిపోయింది. ముందటి పాటలో ఆ ఏడుపు వినకపోతే ఈ ధైర్యం ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియదు.

పాటల మధ్య ఒక కవిత కొంచెం కొంచెంగా పెరుగుతూ వస్తుంది. అది ఎవరికి వినిపిస్తున్నాడో చివరి పాటలో గానీ తెలియదు. 1996లో చనిపోయిన ర్యాపర్ టూపాక్‌కి. 1994 నాటి ఇంటర్వ్యూలోని టూపాక్ గొంతు తీసి, ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుంటున్నట్టు కూర్చాడు. చివర్లో కెండ్రిక్ ఒక ప్రశ్న అడిగి పేరు పెట్టి పిలుస్తాడు, అవతల నుంచి జవాబు రాదు. ఇది ముందు చెప్పకుండా ఉండాల్సింది, కానీ చెప్పకపోతే మీరు మూడో పాట దగ్గర ఆపేస్తారని భయం.

డ్యామ్: గంటకంటే తక్కువ టైమ్ ఉన్నవాళ్లకి

పులిట్జర్ అనగానే బరువైన సరుకు అనుకుంటారు. నిజానికి కొత్త చెవికి ఎక్కువ తేలికైనది ఇదే. 'హంబుల్', 'డీఎన్ఏ' మొదటిసారికే పట్టేస్తాయి. పాటలు దేనికది నిలబడతాయి, అందుకని ఆఫీసుకి వెళ్తూ రెండు, వస్తూ రెండు విన్నా నష్టం లేదు. లోతు మాత్రం మళ్లీ మళ్లీ వింటేనే తగులుతుంది. 'ఫియర్' పాటలో ఏడేళ్లప్పుడు అమ్మ కొడుతుందన్న భయం, పదిహేడేళ్లప్పుడు చచ్చిపోతానన్న భయం, ఇరవై ఏడేళ్లప్పుడు సంపాదించిందంతా పోతుందన్న భయం. ఒకే మనిషి, మూడు వయసులు.

చివరి పాట 'డక్‌వర్త్' ఆయన ఇంటిపేరే. టాప్ డాగ్ కంపెనీ పెట్టిన ఆంథొనీ టిఫిత్ కుర్రతనంలో ఒక కేఎఫ్‌సీని దోచుకోవాలనుకున్నాడు, అక్కడ కౌంటర్‌లో పనిచేసేది కెండ్రిక్ నాన్న. ఇతని వాలకం కనిపెట్టిన నాన్న డబ్బు తీసుకోకుండా చికెన్ పెట్టి, పైన రెండు బిస్కెట్లు ఎక్కువ వేసి మంచి చేసుకున్నాడు, అలా బతికిపోయాడు. ఏళ్ల తర్వాత అదే టిఫిత్ ఆ నాన్న కొడుకైన కెండ్రిక్‌తో రికార్డులు చేయించాడు. పాట చివర తుపాకీ శబ్దం, టేపు వెనక్కి తిరిగి ఆల్బమ్ మొదటికి వెళ్లిపోతుంది. అంటే వెనక నుంచి ముందుకి కూడా వినొచ్చు. 2017 డిసెంబర్‌లో పాటల వరస తిరగేసి మళ్లీ విడుదల చేశారు కూడా. రెండు వరసల్లోనూ విన్నాను, తిరగేసిందే నాకు ఎక్కువ నచ్చింది.

మిస్టర్ మొరాల్: మనసు బాగోలేనివాళ్లు జాగ్రత్తగా

ఇది ఆయన తన గాయాల గురించి చెప్పుకున్న ఆల్బమ్. నాన్న పెంపకం, పరస్త్రీల వ్యామోహం, కుటుంబంలో తరతరాలుగా దాచిన లైంగిక హింస, థెరపీ. 'ఫాదర్ టైమ్' మాత్రం మన ఇళ్లలో పెరిగిన ప్రతి కొడుకూ వినాలనిపిస్తుంది, నాన్న ముందు ఏడవకూడదని పెరిగినవాళ్లకి అది అర్థం చేసుకోవడానికి ఇంగ్లిష్ కూడా పెద్దగా అక్కర్లేదు. 'వి క్రై టుగెదర్' మొత్తం భార్యాభర్తల పోట్లాట లాంటిది, బూతులే బూతులు. హాల్లో స్పీకర్‌లో పెట్టకండి. లైంగిక దాడి కేసులో నిందితుడైన ర్యాపర్ కోడాక్ బ్లాక్‌ని ఇందులో పాడించడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు, అలాంటి బాధితుల గురించే పాట రాసిన మనిషి ఇలా చేయడమేంటి అనిపిస్తుంది. ఇది మూడోదో నాలుగోదో వినాల్సింది, ఆయనెవరో తెలిశాకే ఆయన ఒప్పుకోలుకి విలువ.

జీఎన్‌ఎక్స్: సూపర్ బౌల్ చూసి వచ్చినవాళ్లకి

ముందస్తు ప్రకటన లేకుండా 2024 నవంబర్ 22న వదిలాడు. 1987లో బ్యూయిక్ కంపెనీ 547 మాత్రమే తయారుచేసిన కారు పేరు, అది ఆయన పుట్టిన ఏడాది కూడా. కారులో వినడానికే పుట్టిన ఆల్బమ్, 44 నిమిషాలు ఇట్టే అయిపోతాయి. గాయని సీజాతో పాడిన 'లూథర్' 13 వారాలు అమెరికాలో నంబర్ వన్‌గా ఉంది, ర్యాప్ అంటే గిట్టనివాళ్లకి కూడా ఆ పాట వినిపించవచ్చు.

ఒక్క విషయం, 'నాట్ లైక్ అజ్' ఇందులో లేదు. ఆ పాట కోసం ఆల్బమ్ తెరిచి వెతికేవాళ్లని చూశాను, అది విడిగా సింగిల్‌గానే దొరుకుతుంది. దాన్ని ఐదు గ్రామీల పాటగా వినాలంటే 2024లో డ్రేక్‌తో నడిచిన గొడవ తెలియాలి, తెలియకపోతే అది నిర్మాత మస్టర్డ్ చేసిన మంచి డ్యాన్స్ బీట్.

2011 నాటి 'సెక్షన్ 80' ఇక్కడ విడిగా పెట్టలేదు. బాగుంటుంది, కానీ 'గుడ్ కిడ్' విన్నాక వెనక్కి వెళ్లి వింటే కీషా ఎవరో తెలిసి ఇంకా బాగుంటుంది.

మీరు ఎలాంటివాళ్లు?

కథలంటే ఇష్టం, సినిమా చూసినట్టు కూర్చోగలరు అంటే 'గుడ్ కిడ్'. ఇందులో సందేహం లేదు.

జిమ్‌లో, బండి మీద, పని చేసుకుంటూ వింటారంటే 'డ్యామ్' లేదా 'జీఎన్‌ఎక్స్'. రెండిట్లో ఒకటే అంటే 'డ్యామ్', ఎందుకంటే పాత గొడవలేవీ తెలియనక్కర్లేదు.

ర్యాప్ తెలియదు కానీ కర్ణాటక సంగీతమో జాజో వింటారు, లయ మీద పట్టుంది అంటే నేను పైన చెప్పిందంతా పక్కనపెట్టి నేరుగా 'బటర్‌ఫ్లై' పెట్టుకోండి. మృదంగం నేర్చుకున్న ఒక స్నేహితుడికి అదే ఇచ్చాను, మాటలు ఒక్కటీ అర్థం కాకుండానే రెండుసార్లు విన్నాడు. కవిత్వం చదివేవాళ్లకి కూడా అదే, కాకపోతే పక్కన లిరిక్స్ తెరిచి పెట్టుకోవాలి.

ఇంట్లో పదేళ్ల పిల్లలున్నారు, వాళ్లే అడుగుతున్నారు అంటే యాప్‌లో బూతులు తీసేసిన క్లీన్ వెర్షన్ ఉంటుంది, అది వెతకండి. 'బ్లాక్ పాంథర్' సినిమా కోసం సీజాతో చేసిన 'ఆల్ ది స్టార్స్' వాళ్లకి మంచి మొదలు, ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లిన పాట.

అమెరికాలో చదువుకుంటున్న మన పిల్లలకి ఒక మాట. ఈ పాటల్లో నల్లవాళ్లు తమలో తాము వాడుకునే ఒక పదం పదేపదే వస్తుంది, కచేరీలో అయినా ఫ్రెండ్స్ కారులో అయినా అది మీ నోట రాకూడదు. 2018లో అలబామాలో ఒక కచేరీలో కెండ్రిక్ 'మ్యాడ్ సిటీ' పాడటానికి ఒక తెల్లమ్మాయిని స్టేజీ మీదకి పిలిచాడు, ఆమె ఆ పదాన్ని కూడా పాడేసింది. ఆయన పాట ఆపి, ఆ ఒక్క మాట వదిలేసి పాడాలని అందరి ముందే చెప్పాడు. వేలమంది అరుస్తున్నప్పుడు కూడా ఆ చోట నోరు మూసుకుని, తర్వాతి మాట దగ్గర మళ్లీ అందుకోండి.